వేలు మళ్ళీ పెట్టండి

ఉదయం ఆరు నలభై.
అవెయ్‌రో ఉప్పుమళ్ళ మీదుగా వచ్చిన గాలి
ఫ్యాక్టరీ గేటు దగ్గర మాతోపాటే వరసలో నిలబడుతుంది.
గోడకి అరచేతంత నల్లపెట్టె.
దానికో గాజుకన్ను, కన్ను కింద ఆకుపచ్చ దీపం.
ఆకుపచ్చ అంటున్నాను గానీ
గ్రసియేత్ వంతు వచ్చేసరికి అది ఎప్పుడూ ఎరుపే.

"వేలు మళ్ళీ పెట్టండి."

పెడుతుంది.
ఏప్రానుకి తుడుచుకుని పెడుతుంది. ఊది పెడుతుంది.
ఎడమచేతిది పెట్టబోతే
దాఖలైనది కుడి చూపుడువేలని నేను గుర్తుచేస్తాను.
గుర్తుచేయడమే నా ఉద్యోగం.
హాజరుపట్టీ గుమాస్తాని, పేరు ఎర్మీనియు.
నన్ను ఆ పెట్టె ఒక్క తాకుడికే పోల్చుకుంటుంది.
పదిహేడేళ్ళుగా నేను కాగితాలు తప్ప ఏమీ ముట్టుకోలేదు.

ఆమెది ముప్పై ఎనిమిదేళ్ళు
తడిమట్టిని నునుపు చేసిన చెయ్యి.
మట్టి నునుపయ్యింది, చెయ్యీ అయ్యింది.
గీతలన్నీ ఒక్కొక్కటే
ఎవరి వంటింటి గోడలకో, ఏ స్నానాలగదికో
వెళ్ళి అతుక్కుపోయాయి.
వేల పలకలు దిద్దిన వేలు
ఒక్క పెట్టెకి ఆనదు.

ఐదు నిమిషాలు దాటితే అరగంట జీతం కోత,
అది సర్క్యులర్ ఆరు.
వేళ్ళు తేమగా ఉంచుకోవలెను, అది పద్నాలుగు.
క్రీము రాసుకున్న చేతులతో మట్టిశాలలోకి రాకూడదు,
గ్లేజు పట్టదు, అది తొమ్మిది.
తొమ్మిదికీ పద్నాలుగుకీ మధ్య
గ్రసియేత్ ఎక్కడ నిలబడాలో
దేంట్లోనూ లేదు. వెతికాను.

ఆలస్యానికి కారణం రాసే గడిలో
ఇరవై అక్షరాలే పడతాయి.
మొదటిసారి "యంత్రం గుర్తించలేదు" అని రాస్తే
పైనుంచి తిప్పి పంపారు:
యంత్రము కారణము కాజాలదు. ఉద్యోగి వైపు కారణము తెలుపుడు.
అప్పట్నుంచి "వేలు లేదు" అని రాస్తున్నాను.
ఇంతవరకూ ఎవరూ ఏమీ అడగలేదు.

మార్చిలో ఒక్క వారం మాత్రం
పెట్టె ఆమెని చూసి ఆకుపచ్చగా నవ్వింది.
కిటుకు కనిపెట్టింది దెయొలిందా.
మధ్యాహ్నానికని తెచ్చుకున్న ఉప్పుచేప బజ్జీని
కాసేపు వేళ్ళతో పట్టుకుంటే చాలు,
ఆ జిడ్డుకి లొంగిపోతుంది.
ఆ వారమంతా కొలిమి వాళ్ళూ రంగుల వాళ్ళూ
జేబుల్లో బజ్జీలతో వచ్చారు.
వరస చకచకా కదిలింది, గేటంతా వేపుడు వాసన.
శుక్రవారానికల్లా సర్క్యులర్ ఇరవై రెండు:
ద్వారము వద్ద తినుబండారములు నిషిద్ధము.
టైపు చేసింది నేనే.
చేస్తూ ఒకటి తిన్నాను.

మొన్న లిస్బన్ నుంచి రిపేరు కుర్రాడొచ్చాడు,
బూట్లకి మట్టంటకుండా ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని.
ముందే "లోపం లేదు" అని రాసుకున్నాడు,
తర్వాత మరలు విప్పాడు.
పెట్టెతోపాటు వెనకున్న పలక కూడా ఊడి
అతని అరచేతిలో పడింది.

తిప్పి చూస్తే
వెనక మా పాత కొలిమి గుర్తు, ఎనభై తొమ్మిది అన్న అంకె,
పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో పట్టుకుని ఎత్తిన చోట
ఒక వేలిగుంట.
అందులో గీతలు, కోసిన ఉల్లిపాయలో పొరల్లా,
వెయ్యి డిగ్రీల్లో కాలినా ఒక్కటీ చెరగలేదు.
గుర్తు పక్కన గీరిన "గ్ర".

గ్రసియేత్ తన వేలు ఆ గుంటలో పెట్టి చూసుకుంది.
"అప్పుడు సన్నగా ఉండేదాన్ని" అంది.
ఎవరు చెప్పారో ఏమో,
తీగల మీద వేలాడుతున్న పెట్టెని పట్టుకుని
గాజుకన్నుకి ఆ పలకని ఆనించింది.
పెట్టె ఆలోచించింది.
మేమంతా ఊపిరి బిగబట్టాం,
లిస్బన్ కుర్రాడు కూడా.

"వేలు మళ్ళీ పెట్టండి."

టైము ఆరు యాభై రెండు. అరగంట పోయినట్టే.
పట్టీ తెరిచాను. గ్రసియేత్ పేరు, ఆలస్యానికి కారణం,
ఇరవై అక్షరాల గడి.
"ఎప్పుడో వచ్చింది" అని రాశాను.
తిప్పి పంపుతారు.
పంపనీ.