మొదటి పాట

పూర్ణా మార్కెట్ వెనక సందులో
మస్తాన్ గారి సీడీల కొట్టు.
శనివారం సాయంత్రం పలక తుడవడం నా పని.
ఆ వారం ఎక్కువ అమ్ముడైనవి పది,
బిల్లుల పుస్తకం చూసి సుద్దతో రాయాలి.
నాకు పద్దెనిమిదేళ్లు.
ఊరికి జాతకం రాస్తున్నాననుకునేదాన్ని.

సినిమా పాటలు పైన కూర్చుంటే దిగేవి కావు.
మార్గశిరం వస్తే
కనకమహాలక్ష్మి మూడో గీత దాకా ఎగబాకేది.

ఆ ఏడు ర్యాప్ అని ఒక సీడీ దిగింది.
ఇరవై నాలుగు కాపీలు, జిరాక్స్ అట్ట,
డాల్ఫిన్స్ నోస్ ముందు
కళ్లు సగం మూసిన కుర్రాడు:
మైలపల్లి ఎల్లాజీ, పెదజాలరిపేట.
పాడడు, తరుముతాడు.
ఐస్ ఫ్యాక్టరీ సైరన్ని, డీజిల్ బాకీని,
ఒడ్డుకి రాని బాబాయిని
వల లాగే ఊపులో, ఒక్క గుక్కలో.
మస్తాన్ గారు ఒక్క ట్రాక్ విని
"ఇది పాటా, తగువా?" అన్నారు.
అయినా ముందు వరసలోనే పెట్టారు.

మొదటి వారం రెండు.
రెండో వారం ఏడు.
ఏడింటిలో ఆరు ఒకే చేతికి ఇచ్చాను.
రోజుకొకటి, మధ్యాహ్నం, తట్ట ఖాళీ అయ్యాక,
నడుముకి చెక్కిన సంచిలోంచి
మూడు తడి పదినోట్లు.
ఆరో రోజు అడిగేశాను,
"ఇంట్లో సీడీ ప్లేయర్ ఉందా అమ్మా?"
"కరెంటే ఉండదు సగం రోజులు."
"మరి ఇన్నెందుకు?"

తట్ట దించి గడప మీద కూర్చుంది.
"హార్బర్లో వేలంపాట ఎప్పుడైనా సూసేవేటి?
సేప ఎంత మంచిదైనా
మొదటి పాట ఎవులూ పాడరు.
ఒకల మొకం ఒకలు సూసుకుంటారు.
ఎండెక్కిపోద్ది, సేప మెత్తబడిపోద్ది.
ఎవులో ఒకలు నోరిప్పాల.
ఇరవయ్యేళ్లు ఊరోళ్ల సేపకి పాడేను,
నా సేపకి పాడొద్దేటి?"

ఆ సాయంత్రం సుద్ద పట్టుకుని ఆగిపోయాను.
ఏడైతే తొమ్మిదో గీత.
ఆరూ తీసేస్తే ఒకటి,
ఒకటికి పలక మీద చోటు లేదు.
మస్తాన్ గారు తలెత్తకుండానే
"నోటు తడిగా వస్తే అమ్మకం కాదా?" అన్నారు.
రాశాను.

మర్నాడు వచ్చింది. చదువు రాదు.
"ఏదమ్మా మావోడు?"
చూపిస్తే వేలితో తాకింది,
సగం పేరు వేలికి వచ్చేసింది.
కంగారుగా చెయ్యి లాక్కుంది.
తొమ్మిది పక్కన
చిన్న పొలుసు అంటుకుపోయింది.

మూడో వారం ఆవిడ రాలేదు.
అమ్ముడైనవి మూడు.
ముగ్గురూ కుర్రాళ్లే, ఎవరో తెలీదు,
ఒకడి చేతులకి గ్రీజు.
మూడింటికి పలక ఎక్కదు.
తడిగుడ్డ తెచ్చి అంతా తుడిచాను,
ఆ మూల ఒక్కటీ పొడిగానే వదిలి.