తాడుకి అటువైపు

ఐదు నోటు ఇచ్చాను, టికెట్టు మూడు.
చిల్లర లేదని ఎతెరి
రెండు అక్రోట్లు చేతిలో పెట్టింది.
"కాళ్ళు తుడుచుకుని రా. ఆయనకి బురదంటే పడదు."
ఆయన పోయి నలభై ఏళ్ళు.

కుతాయిసీలో ముసురు.
కిటికీ కింద రియోని నది
ఎవరినో తిట్టుకుంటూ పోతోంది.
బటూమీ నుంచి తెల్లవారుజాము వ్యానులో
మోకాళ్ళు ముడుచుకుని వచ్చాను,
పందొమ్మిదో ఏట నన్ను నిద్రపోనివ్వని నవల
ఏ బల్ల మీద పుట్టిందో చూద్దామని.

లాడో గొగెలియా కళ్ళజోడు. కలం.
చెవి విరిగిన టీ కప్పు.
గాజు కింద అన్నీ బుద్ధిగా కూర్చున్నాయి
ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు పిల్లల్లా.
ఎర్ర తాడుకి అటువైపు బల్ల, బల్ల ముందు కుర్చీ,
మోచెయ్యి ఆనే చోట నున్నగా అరిగిన కర్ర.
నాకు గొంతు పట్టేసింది.
"ఆ పుస్తకమంతా ఇందులోనే కూర్చుని..."

ఎతెరి అల్లిక ఆపలేదు.
వరస పూర్తయ్యాక సూదులు ఒళ్ళో పెట్టుకుని
తలుపు వైపోసారి చూసింది.

"అది గివిది. మా ఆయన.
చెప్పులు కుట్టేవాడు."

తొంభై మూడు చలికాలం.
కరెంటు లేదు, గ్యాసు లేదు, జీతం ఊసే లేదు.
కప్పు కారి రాతప్రతులకి బూజు.
ముందు కంచె పోయింది పొయ్యిలోకి,
తర్వాత వీళ్ళ మంచం, అలమర తలుపులు.
"ఆ రాత్రి ఇంకేం మిగల్లేదు.
ఓక్ కర్ర, తెల్లారేదాకా కాలింది.
మా పిల్లకి దగ్గు. దాన్నీ ఇక్కడే పడుకోబెట్టాను
కాగితాల పక్కన.
ఎవరి కోసం కాల్చావని మాత్రం అడక్కు."

వసంతంలో అధికారులు వస్తున్నారంటే
గివి తన కుర్చీ నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చాడు.
పోయేదాకా
బోర్లించిన ద్రాక్షపెట్టె మీదే కూర్చుని కుట్టాడు.

మెట్ల మీద గోల. బడిపిల్లలు.
"ఇదిగో, మహానుభావుడి కుర్చీ" అంది టీచరు.
అందరూ ఫోన్లు ఎత్తారు.
ఒక బుడ్డోడు తాడు మీద వంగి
"టీచర్, దీనికి మేకులు గుచ్చిన చిల్లులున్నాయి" అన్నాడు.
"ఆలోచిస్తూ కలంతో పొడిచి ఉంటారు, రాసుకోండి."

రాసుకున్నారు.
నేను నోరు తెరిచి, అక్రోటు కొరికి, మూసుకున్నాను.
ఎతెరి పెదవులు కదులుతున్నాయి,
కుట్లు లెక్కపెడుతోంది కాబోలు.