సాసరు

ఆపరేషన్ అయిన ఐదో నెలలో
మళ్లీ ఆ హోటలు మెట్లెక్కాను.
నారాయణగూడలో, మందుల షాపు పక్క సందులో,
ఫ్యాను వేస్తే మెనూ కార్డులు ఎగిరిపోయే హోటలు.
మొయిజ్ భాయ్ నన్ను గుర్తుపట్టలేదు.
గుర్తుపట్టాక నవ్వలేదు.
"షుగరా సాబ్?" అన్నాడు మెల్లగా,
చావు కబురు అడిగినట్టు.

ఇరవై రెండేళ్లు వడ్డించాడు నాకు.
ఫుల్ బిర్యానీ, అడగకముందే రెండోసారి సాలన్,
ఆఖర్న గిన్నె నిండా ఖుబానీ.
చేతుల్లేని కుర్చీ ఒకటి లోపలి నుంచి మోసుకొచ్చి
గోడ పక్కన వేసేవాడు, ఏమీ అనకుండా.
ఇవాళా అదే తెచ్చాడు.
కూర్చుంటే పక్కన లంచ్ సంచి పెట్టుకునేంత చోటు.

సదానందం రిటైర్మెంట్ పార్టీ.
ఆడిట్ సెక్షన్ అంతా వచ్చింది.
"ఒక్క ముద్దకేమైతదిరా?"
ఏమైతదో నాకు తెలుసు.
పోయిన నెల టోలిచౌకిలో పెళ్లి,
ఒక్క చెంచా డబుల్ కా మీఠా.
చల్లటి చెమటలు, గుండె గుర్రమై పరుగు,
ఫంక్షన్ హాలు మెట్ల మీద
ఎవరి చెప్పుల మధ్యనో కూలబడ్డాను.
పెళ్లికొడుకు తండ్రి వచ్చి విసిరాడు,
శుభలేఖతో.

పర్సులో ఒక కార్డుంది, సోమాజిగూడ డాక్టరు సంతకంతో.
ఈయన కడుపు చిన్నది, దయచేసి సగమే వడ్డించండి అని.
ఎవరికీ చూపించలేదు ఇంతవరకు.
బస్ పాస్ చూపించినట్టు చూపించి
ఆకలికి రాయితీ అడగాలా?

డైటీషియన్ వైదేహి, మా అమ్మాయి కంటే చిన్నది,
ఆమె మాటలు నాలుక కిందే ఉంటాయి.
మాంసం ముందు, కూర తర్వాత,
చోటుంటే అన్నం.
చోటుండదు.
ముద్దకి పాతికసార్లు నమలండి అంకుల్.
తింటూ నీళ్లొద్దు, తిన్న అరగంట దాకా వద్దు.
"ఆ సంగతి సాలన్‌కి ఎవరు చెప్తారమ్మా?" అన్నాను.
నవ్వి, అదే మళ్లీ రాసి
కింద ఎర్రగీత గీసింది.

పళ్లెం వచ్చింది, పాత అలవాటున నిండుగా.
అన్నం పక్కకి తోసి
ముక్క ఒకటి, గోరంత, నోట్లో పెట్టుకున్నాను.
ఏడు. పదకొండు. సదానందం ఏదో జోకు వేశాడు,
లెక్క తప్పింది, మళ్లీ ఒకటి నుంచి.
పద్దెనిమిది దగ్గర
ఏదో తగిలింది. మట్టి వాసన లాంటిది,
వాన పడ్డ గోడ లాంటిది.
మొయిజ్‌ని పిలిచి అడిగాను, కొత్తగా ఏం వేస్తున్నారని.
"పత్థర్ కా ఫూల్. మొదటి రోజు నుంచీ ఉంది సాబ్."

నాలుగో ముక్కకి ముక్కు కారింది.
లోపల తలుపు మూసుకుందని అదే గుర్తు.
చెంచా పెట్టేశాను.
పళ్లెం తీస్తూ ఆయన చెయ్యి ఆగింది.
"వంటమనిషి మారలేదు సాబ్."
ఆ మొహం చూడలేక కార్డు తీసిచ్చాను.
తిరగేశాడు, దూరం పెట్టి చూశాడు,
తిరిగి నా చేతిలో పెట్టాడు.
"చదువు రాదు. మీరే చెప్పండి."

చెప్పాను. టేబులంతా వింటుండగా,
ఎక్కడ కోశారో, ఎంత తీసేశారో,
ఎంత మిగిలిందో పిడికిలి బిగించి చూపిస్తూ.
సదానందం తన ఖుబానీ గిన్నె
నాకు కనబడకుండా అటు జరుపుకున్నాడు.

పై నెల ఒక్కడినే వెళ్లాను.
ఏమీ అడగలేదు మొయిజ్ భాయ్.
చాయ్ సాసర్లో తందూరీ ముక్కలు రెండు,
కీరా చక్రం, నిమ్మచెక్క.
నీళ్ల గ్లాసు పెట్టబోయిన కుర్రాణ్ని కసిరాడు.
బిల్లు మీద సాసర్ ఒకటి అని రాసి
ధర దగ్గర పెన్ను ఆపి
"ఎంత వెయ్యమంటారు?" అని నన్నే అడిగాడు.
ముప్పై ఏళ్లు లెక్కలు చూసినవాణ్ని,
చెప్పలేకపోయాను.

బయట బస్టాపులో సీసా చేత్తో పట్టుకుని
గడియారం చూసుకుంటూ నిలబడ్డాను.
నీళ్లకి ఇంకా పదకొండు నిమిషాలు.