పడుగూ పేకా, మధ్యలో ఎండ

ఆ బకెట్ అక్కడ పెట్టు, షిరకురా.
రెండోది నీడలో.
ఒకటి సబ్బుకి, ఒకటి గుడ్డ జాడించడానికి.
రెండూ ఒకటేలే అనుకున్నవాళ్లు
తమ కారు మీద తామే గీతలు గీసుకుంటారు.

ముందు నీళ్లు మాత్రమే. చెయ్యి పెట్టకు.
అకాగి కొండ మీంచి రాత్రంతా పొడిగాలి దిగింది,
దుంపచేల మట్టి సగం నీ బానెట్ మీదే ఉంది.
దాన్ని ఇప్పుడు గుడ్డతో తుడవడమంటే
గరుకు కాగితంతో బుగ్గ నిమరడమే.

నల్లగా ఉందని మొండిదనుకున్నావు.
ఉక్కుకన్నా గట్టిదని ఎవరో చెప్పే ఉంటారు.
నిజమే, పోగు గట్టిదే.
పోగుల్ని పట్టుకున్న జిగురుకే ఎండంటే పడదు.
టీ తాగి కడగడం మరిచిన కప్పు అడుగులా
మెల్లగా, ఎవరికీ చెప్పకుండా, పచ్చబడుతుంది.
నువ్వు రోజూ ఉత్తరానికి మొహం పెట్టి ఆపుతావు కదూ?
ఎడమవైపే ఎక్కువ మాడింది.
పడమటి ఎండకి అబద్ధం రాదు.

మిషన్ పెట్టి రుద్దమన్నావు.
ఇనుము మీద కొలిచే మీటరు దీని మీద గుడ్డిది,
అందుకే ఇది కొన్నాను, శబ్దం పంపి కొలుస్తుంది
గబ్బిలంలాగ.
చూడు అంకె. నలభై మైక్రాన్లు.
తలవెంట్రుకలో సగం మందం.
ఇదివరకే ఎవరో ఒకసారి రుద్దేశారు.
నువ్వేనా?
సరే, చెప్పకులే.
తుమ్మితే ఊడే ముక్కులా ఉంది ఈ వార్నిష్.
ఇంకో పూట రుద్దితే నేత బయటపడుతుంది,
అప్పుడిక నా దగ్గర మందు లేదు.

ఈ షెడ్డు కప్పు రంపపు పళ్లలా ఎందుకుందని
వచ్చినవాళ్లందరూ అడుగుతారు, నువ్వు అడగలేదు.
ఉత్తరపు వెలుగు కోసం.
పొద్దున్నా సాయంత్రమూ ఒకేలా ఉంటుంది, నీడల్ని కదపదు,
పోగు తప్పుని దాచిపెట్టదు.
మా నానమ్మ తోమె ఇక్కడే ఒబి పట్టు నేసేది.
పదహారు మగ్గాల రొదలో
ఎక్కడ పడుగు తెగిందో చెవితోనే పట్టేది.
నాకు ఆ చెవి రాలేదు.
కళ్లు వచ్చాయి,
అవీ ఈమధ్య అద్దాలు అడుగుతున్నాయి.

ఆగు.
దీపం ఇటు పట్టు. కీలు దగ్గర, ఆ మూల.
మెట్లు మెట్లుగా ఏటవాలుగా దిగే నేతలో
ఒక పేక వంకరపోయింది. కనబడిందా?
ఇంకా కిందికి. బియ్యపుగింజంత.
కనబడదులే.
పదిహేడేళ్ల కిందట కనిపెట్టాల్సినవాళ్లకే కనబడలేదు.

ఓతాలో అచ్చుల ఫ్యాక్టరీ, రాత్రి షిఫ్టు.
అచ్చులో నల్లగుడ్డ పరిచి
వేళ్లతో మూలలు సర్దుతుంటే
నాకు తుమ్మొచ్చింది.
అంతే.
తనిఖీవాడు ఇసోగై సాన్ బాగా చేశావన్నాడు,
నేను వంగి దణ్ణం పెట్టాను.
అప్పట్నుంచి రోడ్డు మీద, పెట్రోలు బంకులో
నల్ల బానెట్ కనబడితే చాలు
మూలలు చూస్తూనే ఉన్నాను,
దొంగలాగ.

నవ్వుతావేం.
డబ్బులు వద్దంటానని ఆశపడకు,
సబ్బు ఖరీదుంది, షెడ్డు పన్నుంది.
ఈ మూల ఒక్కటీ నేను తుడుస్తాను, అంతే.

రెట్ట పడితే అదే గంటలో తడిగుడ్డ కప్పి నాననివ్వు,
గోరు పెట్టావో మచ్చ నీదే.
మూడు నెలలకోసారి మైనం,
ఉందా లేదా అన్నంత పల్చగా.
పార్కింగ్ చోటు మార్చుకో.
పోయిన నలుపు తిరిగి రాదు, ముందే చెబుతున్నా,
ఉన్నదాన్ని ఉన్నచోట ఆపడమే మనం చేసేది.

మళ్లీ గాలి లేచినట్టుంది.
తలుపు దగ్గరికి లాగు, త్వరగా,
నాకు తుమ్మొచ్చేలా ఉంది.