నలభై కలిపితే

ఔలు నగరం, జనవరి. మధ్యాహ్నం మూడున్నరకే వీధిదీపాలు.
వంతెన మీది మంచును కనిపెట్టే పరికరానికి
సిర్కా రెండు వాక్యాలు రాసింది:
మైనస్ నలభైకి తక్కువ చెబితే నమ్మకు.
అరవైకి ఎక్కువ చెబితే నమ్మకు.
తలుపుకు చెరో పక్క ఇద్దరు కాపలావాళ్లు.

కంపైలర్ కట్టి ఇచ్చిన యంత్రభాష తెరిచి చూస్తే
ఒక్కడే ఉన్నాడు.

రెండోవాడేడీ?
కాఫీ చల్లారింది. మళ్లీ కట్టించింది. మళ్లీ ఒక్కడే.
ఒక కూడిక, ఒక పోలిక, ఒక గెంతు.

రిటైరై చేపలు పడుతున్న యల్మారికి ఫోన్ చేసింది.
గడ్డకట్టిన సముద్రం మీద, బెజ్జం పక్కన కూర్చుని
నవ్వాడాయన.
"నలభై కలిపిందా?"
"కలిపింది."
"ఇంకేం, చలికి అడుగు సున్నా, ఎండకు కొస నూరు.
నూరు దాటావా అని అడిగితే చాలు."
"కిందనుంచి వచ్చేవాడో?"
"ఆ మొదటి బిట్టు ఉంది చూడు,
గుర్తుగా చదివితే అప్పు, బరువుగా చదివితే... ఆగు, దారం లాగుతోంది."
ఫోన్ పెట్టేశాడు.

కాగితం మీద వేసుకుంది.
మైనస్ నలభై ఒకటి వచ్చింది, నలభై పుచ్చుకుంది,
ఇంకా ఒకటి బాకీ.
గుర్తు అడగని లెక్కలో ఆ ఒక్క బాకీ
నాలుగువందల ఇరవై తొమ్మిది కోట్ల
నలభై తొమ్మిది లక్షల అరవై ఏడు వేల
రెండువందల తొంభై ఐదు!
గడప కింద దూరబోయినవాడు
పైకప్పు చీల్చుకుని నిలబడ్డాడు.
నూరు దాటావా అంటే ఇంకేం బొంకుతాడు?

ఆ కూడిక తనే రాసి ఉంటే,
అంచు దాటాక ఏం జరిగినా ఎవరి పూచీ లేదంటుంది నిబంధన.
కంపైలరేమో చుట్టూ తిరిగి సున్నాకొచ్చే అంకెలతో
నిమ్మళంగా కలుపుకుంది.
సిర్కాకు కొంచెం ఉక్రోషం వేసింది.

గురువారం మంచు తోసే లారీ సెన్సారు తీగ తెంపేసింది.
మైనస్ నూట ఇరవై ఏడు, అంది వంతెన.
ఒక్క ప్రశ్న. పో అవతలికి.

ఆ రాత్రి కిటికీ బయట మైనస్ ఇరవై తొమ్మిది.
మెట్ల దగ్గర పక్కింటి ఓయ్వా, చెవులదాకా టోపీ లాక్కుంటూ,
"ఎంతుంది బయట?" అన్నాడు.

"పదకొండు."

ఆయన మఫ్లర్ ముడి విప్పబోయి
ఆగి, ఆమె బూట్ల మీది మంచు చూశాడు.