ఖర్బూజా లెక్క

ఖీవా ఊళ్ళో సెప్టెంబరు మొదటి వారం.
మట్టి ప్రహరీల మీంచి ఎండ ఇంకా దిగలేదు.
ఏడో తరగతి నల్లబల్ల మీద ముఅత్తర్ టీచరు
రెండు గీతలు గీసింది, ఒకదాన్నొకటి కోసుకునేలా.
"దీని పేరు ఇక్స్."

"తప్పు రాస్తే కొట్టేసే గుర్తు కదా అది!"
అన్నాడు వెనక బెంచీ దవ్లత్,
గాడిద మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నవాడు.
క్లాసంతా నవ్వింది. టీచరూ నవ్వింది.
"కాదురా. ఇంకా రాని చుట్టానికి
ముందే వాల్చిన పీట.
ఎవరొస్తారో తెలీదు,
వస్తారని మాత్రం తెలుసు."

నసీబాకి నమ్మకం కుదరలేదు.
పుట్టకముందే పేరా?
వాళ్ళింట్లో దూడకైనా
కళ్ళు చూశాకే పేరు పెడతారు.

టీచరు సుద్దముక్క జేబులో వేసుకుని
అందర్నీ బజారుకి నడిపించింది.

రహ్మాన్‌బెర్ది ముసలాయన కొట్టు.
పళ్ళేల మీద ముత్తాతనాటి సొట్టలు.
ఎడమ పళ్ళెంలో ఒక ఖర్బూజా, పక్కన కిలో రాళ్ళు మూడు.
కుడి పళ్ళెంలో పదకొండు.
తక్కెడ ముల్లు
ఊపిరి బిగబట్టినట్టు నిటారుగా నిలబడింది.

"కాయ బరువు చెప్పాలి.
కాయని ముట్టుకోకూడదు."

దవ్లత్ బాగున్న చేత్తో
పక్కనున్న మూడు రాళ్ళూ తీసేశాడు.
కుడి పళ్ళెం దభీమని కూలబడింది.
"అన్యాయం!" అని అరిచింది నసీబా.
అరుస్తూనే అటువైపు మూడు తీసింది.
ముల్లు మెల్లగా లేచి నిలబడింది.
కాయ ఒక్కటే ఇటు,
అటు ఎనిమిది.

అన్యాయం అన్న ఆ మాటే మొదటి పాఠం.
సమానమంటే నల్లబల్ల మీద రెండు అడ్డగీతలు కాదు,
రెండు పళ్ళేల మధ్య ఒప్పందం.
ఇటు తీస్తే అటూ తియ్యి,
ఇటు సగం చేస్తే అటూ సగం చెయ్యి,
ఒకవైపే మొగ్గావా, ముల్లు ఊరుకోదు.

పిల్లలు ఆ లెక్కని దవ్లత్ చేతికట్టు మీద రాశారు.
"ఈ విద్యకి అరబ్బీలో జబ్ర్ అని పేరు," అంది టీచరు.
"విరిగిన ఎముకని అతకడమన్నా ఆ మాటే."
ఇన్నాళ్ళూ దురదపెట్టిన ఆ కట్టుని
వాడు కొంచెం గౌరవంగా చూసుకున్నాడు.

తర్వాత నసీబా తనే ఒక లెక్క కట్టింది.
ఇక్స్‌కి తొమ్మిది కలిపితే అయిదు.
ఇటు తొమ్మిది తీసింది, అటూ తొమ్మిది తీయబోయింది,
అయిదు దగ్గరే రాళ్ళు అయిపోయాయి.
ఇంకా నాలుగు తీయాలి. ఎక్కణ్ణుంచి?
మైనస్ నాలుగు అని రాసి
తప్పు చేసినదానిలా తల దించుకుంది.
"సున్నా కంటే తేలికైన కాయ! గాల్లోకెగిరిపోతుంది!"
బజారంతా వినపడేలా నవ్వారు పిల్లలు.

ముసలాయన నవ్వలేదు.
గల్లాపెట్టె కిందనుంచి నూనె మరకల పుస్తకం తీశాడు.
"ఒతమురాద్ బండిలోంచి నాలుగు కాయలు అరువు తెచ్చాను.
అమ్మేశాను. డబ్బు ఖర్చయిపోయింది.
నా కొట్లో ఎన్ని ఉన్నట్టు?
ఆ అంకె నాకు బాగా తెలుసు తల్లీ,
రాత్రుళ్ళు నా పక్కనే పడుకుంటుంది."

ఎవరూ మాట్లాడలేదు.
టీ దుకాణంలో పింగాణీ కప్పులు కడుగుతున్న చప్పుడు.

ఎనిమిది కిలోల కాయని కోశాడాయన.
తేనెరంగు గుజ్జు, నడుమ జిగటగా గింజలు.
మనం దీన్ని బీజగణితం అంటామని
వాళ్ళెవరికీ తెలీదు.
అయినా నసీబా ఒక గింజని కడగకుండానే
లంగా అంచుకి తుడిచి, వెలుతురుకి ఎత్తి చూసి,
ఇందులో ఎన్ని కాయలున్నాయో
ఎవర్నీ అడగకుండా,
లెక్కల పుస్తకం చివరి పేజీలో పెట్టి
పక్కన రెండు గీతలు గీసుకుంది,
ఒకదాన్నొకటి కోసుకునేలా.

ముక్కలన్నీ అయిపోయాక ముసలాయన గొంతు సవరించుకున్నాడు.
"కాయ డబ్బులు?"
టీచరు సంచి తడిమింది, జేబు తడిమింది,
సుద్దముక్క తప్ప ఏమీ దొరకలేదు.
"రాసుకో తాతా," అన్నాడు దవ్లత్, మూతి తుడుచుకుంటూ,
"మా టీచరు పేరు మీద మైనస్ ఒకటి."