సున్నా వరుసలు

సిరొంచలో తునికాకు సంఘం ఆఫీసు.
పాత యంత్రంలోంచి కొత్త యంత్రంలోకి
లెక్కలన్నీ మోసేసరికి మూడు రోజులు.
ప్రశ్న మాత్రం మార్చలేదు నేను, ఒక్క అక్షరం కూడా.
మధ్యలో దుబాసీ ఉన్నాడుగా,
ఏ డేటాబేస్‌తో ఆ యాసలోనే మాట్లాడతానని
మొదటి పేజీలో ఒట్టేసిన ఫ్రేమ్‌వర్క్.

"బ్యాంకు ఖాతా లేనివాళ్ళెవరు?"
అనడిగితే పాతది నలభై పేర్లు చెప్పేది.
వాళ్ళకి డబ్బు చేతికే, వేలిముద్ర మీద.
కొత్తది సున్నా అంది.
ఎర్రగా అరిచినా బాగుండేది.
మర్యాదగా, మూడు మిల్లీసెకన్లలో,
సున్నా.

అప్పటికే వరండా నిండిపోయింది.
యాభై ఆకులకో కట్ట చొప్పున
మే నెలంతా వంగిన నడుములు
గోడకి ఆనుకుని కూర్చున్నాయి.

క్యాషియర్ వాసేకర్ నవ్వుతూ తన కథ ఎత్తుకున్నాడు.
వర్ధా నుంచి కొత్తగా వచ్చిన ఏడు
ఓ ముసలామె చెయ్యి చాపి "నాకు, నాకు" అందట.
ఈయన చెవికి అది "నకో".
వద్దంటోంది కదా అని తర్వాతి పేరు పిలిచాడు.
ఆమె సాయంత్రం దాకా అక్కడే నిలబడిందట.
సాయంత్రం దాకా అన్నప్పుడు
నవ్వడం మానేశాడు.

అప్పుడు దొరికింది నాకు.
ఖాళీగా వదిలిన గడీ, అసలేమీ లేని గడీ
పాతదానికి ఒకటే.
కొత్తదానికి కాదు:
ఖాళీ అంటే ఎవరో రాశారని,
రాసిందే ఏమీ లేదని.
దుబాసీ మాటకి మాట అప్పజెప్పాడు,
అర్థాన్ని ప్రాణహిత అవతలి గట్టునే వదిలి.

"లేదా ఖాళీ" అని రెండు మాటలు చేర్చాను.
నలభై.
వరండాలో తలలు లెక్కపెడితే
నలభై ఒకటి.

కట్టల ఖాతాతో ఒక్కో పేరూ పోల్చుకుంటూ పోతే
సడ్మెక్ మల్లుబాయి.
ఖాతా నంబరు గడీలో
ఎవరి బొటనవేలో పొరపాటున ఆనిన
ఒక్క స్పేస్.
లేకపోవడమూ కాదు, ఖాళీ కూడా కాదు.
పాతదీ ఈమెని ఎన్నడూ పిలవలేదు.

పిలిచాను.
కొంగుముడిలోంచి కార్డు విప్పుకుంటూ వచ్చింది.
"కాయ్?" అన్నాడు వాసేకర్, ఏమిటని, అలవాటు మరాఠీలో.
"కాయలు కాదయ్యా, ఆకులు" అంది మల్లుబాయి.
"కిందటేడువి కూడా."